గ్యాస్ ఫర్నేస్ నుంచి వింత వాసనలు: ఏ వాసన అన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నది చూడండి

మీ ప్రశ్నలో మూడు వేర్వేరు వాసనలు కలిసిపోయి ఉన్నాయి కనుక ముందు వాటిని విడదీసుకుందాం. మిషిగన్‌లో వేసవిలో కొనుక్కున్న పాత ఇంట్లో, అక్టోబరులో మొదటిసారి ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ వేసినప్పుడు మాడు వాసన వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోయిందన్నారు. తరువాత సాయంత్రం వంట చేసే వేళ బేస్‌మెంట్ మెట్ల దగ్గర కళ్లు మండించే ఘాటు వాసన మొదలైందన్నారు. గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మగారికి లాండ్రీ గది పక్కన ఒకసారి మన సిలిండర్ లీకయినప్పటి వాసన వచ్చిందని, మీకు మాత్రం ఏమీ తెలియలేదని రాశారు. పిలిస్తే వచ్చిన కంపెనీ మనిషి కాసేపు చూసి, హీట్ ఎక్స్‌చేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందిస్తూ పొగను వేరుగా ఉంచే లోహపు గది) పగిలింది, ఫర్నేస్ మొత్తం మార్చాలి అని చెప్పి ఎస్టిమేట్ చేతిలో పెట్టి వెళ్లాడు. నేను ఈ చలి రాష్ట్రాల్లో చాలా ఏళ్లుగా హీటింగ్, కూలింగ్ పనిలోనే ఉన్నాను. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే నా అనుమానం ఫర్నేస్ మీద కంటే దాని పక్కనున్న వాటర్ హీటర్ మీద ఎక్కువగా ఉంది. అయితే దానికంటే ముందు మీ అమ్మగారి మాట సంగతి తేల్చాలి.

సహజ వాయువుకు స్వతహాగా వాసన ఉండదు. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో బడి భవనం కింద పోగైన వాయువు పేలి దాదాపు 300 మంది పిల్లలు, ఉపాధ్యాయులు చనిపోయారు. లీకు ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడానికి కారణం దానికి వాసన లేకపోవడమే. ఆ తరువాతే గ్యాసులో మెర్కాప్టాన్ అనే గంధక రసాయనాన్ని కలపడం చట్టమైంది. ఇప్పటి అమెరికా నిబంధన ప్రకారం, గాలిలో గ్యాసు అంటుకోగల కనీస మోతాదులో అయిదో వంతు చేరేసరికే మామూలు మనిషి ముక్కుకు వాసన తెలియాలి. మీథేన్ గాలిలో సుమారు 5 శాతం ఉంటే అంటుకుంటుంది కనుక 1 శాతం దగ్గరే మీకు తెలియాలన్నమాట. మన ఇళ్లలోని సిలిండర్ గ్యాసులో కలిపేదీ ఈ కుటుంబానికి చెందిన రసాయనమే. జీవితమంతా సిలిండర్ పక్కన వంట చేసిన మనిషి ఆ వాసనను పొరబడే అవకాశం తక్కువ. మీకు తెలియలేదన్నది లీకు లేదనడానికి సాక్ష్యం కాదు. జలుబు చేసినా, కోవిడ్ తరువాత ఘ్రాణశక్తి తగ్గినా, ఒకే వాసనలో కొంతసేపు ఉండిపోయినా ముక్కు మొద్దుబారుతుంది.

అందువల్ల ఇది చదివిన వెంటనే మీ గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి లీకు పరీక్షకు మనిషిని పంపమనండి. లీకు చూసినందుకు వాళ్లు సాధారణంగా డబ్బు తీసుకోరు, రాత్రయినా వస్తారు. ఒకసారే వచ్చి పోయిన వాసనకు పిలిస్తే నవ్వుతారేమోనన్న మొహమాటం వద్దు, వాళ్లకు అది రోజువారీ పని. మళ్లీ ఆ వాసన వస్తే మాత్రం ఎక్కడి నుంచి వస్తోందో వెతకకండి. లైటు వేయవద్దు, ఉన్న లైటు ఆర్పవద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయవద్దు, గ్యారేజీ తలుపు మీట నొక్కవద్దు, కారు స్టార్ట్ చేయవద్దు. అందరినీ తీసుకుని నడిచి బయటికి వెళ్లి, ఇంటికి దూరంగా నిలబడి అత్యవసర నంబరు 911కి గానీ గ్యాస్ కంపెనీకి గానీ ఫోన్ చేయండి.

ఈ సందర్భంలో మనవాళ్లకు ఒక తేడా చెప్పాలి. సిలిండర్‌లో ఉండే ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది, నేల వెంట పాకుతుంది. అందుకే అక్కడ తలుపులు తీసి కింది నుంచి గాలి బయటికి పోయేలా విసరమని పెద్దలు చెబుతారు. ఇక్కడి పైపు గ్యాసు గాలి బరువులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే ఉంటుంది కనుక పైకి లేచి సీలింగు కింద, పై అంతస్తులో చేరుతుంది. ఊరి బయట ఇళ్లకు పెరట్లోని ట్యాంకు నుంచి వచ్చే ప్రొపేన్ మాత్రం మన ఎల్‌పీజీలాగే కిందికి దిగి బేస్‌మెంట్‌లో నిలుస్తుంది. గ్యాస్ డిటెక్టరు కొనదలచుకుంటే సహజ వాయువుకు సీలింగు దగ్గర, ప్రొపేన్‌కు నేల దగ్గర పెట్టాలి. దుకాణంలో అడగకుండా ఏదో ఒకటి కొని ప్లగ్గులో పెట్టేసేవాళ్లే ఎక్కువ.

గ్యాస్ మనిషి వచ్చి లీకు లేదని తేల్చితే అప్పుడు ఫ్లోర్ డ్రెయిన్‌ను అనుమానించండి. లాండ్రీ గది నేలలో ఉండే ఆ జాలీ కింద వంపు తిరిగిన పైపులో నీళ్లు నిలిచి మురుగు వాయువు పైకి రాకుండా ఆపుతాయి. పాత ఇంట్లో నెలల తరబడి ఎవరూ నీళ్లు పోయకపోతే అవి ఆవిరైపోయి, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన మురుగు వాసన గదిలోకి వస్తుంది. దానికీ గ్యాసు వాసనకూ దగ్గరి పోలిక ఉంది. ఒక బిందెడు నీళ్లు, పైన రెండు చెంచాల వంట నూనె పోస్తే నీళ్లు త్వరగా ఆరవు, వాసన ఆ రోజుతో పోతుంది. అయితే ఈ క్రమాన్ని తిరగేయవద్దు. ముందు గ్యాస్ కంపెనీ, తరువాతే నీళ్లు.

ఇక ఫర్నేస్ వాసనల విషయానికి వస్తే, నన్ను పిలిచేవాళ్లు సాధారణంగా ఆ వాసన దేనిలా ఉందో చెప్పాలని ఎంతో కష్టపడతారు. ఒకే వాసనను ఒకరు మాడు అంటారు, మరొకరు రబ్బరు అంటారు, ఇంకొకరు రసాయనం అంటారు. దానికంటే, యంత్రం ఏ దశలో ఉండగా వాసన మొదలైందో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. గది వేడిని గమనించే థర్మోస్టాట్ వేడి కావాలని అడిగినప్పుడు మొదట చిన్న ఇండ్యూసర్ ఫ్యాన్ తిరిగి పొగ వెళ్లే దారిలో గాలి లాగుతుంది. దారి తెరిచి ఉందని ప్రెషర్ స్విచ్ నిర్ధారించాక ఇగ్నైటర్ ఎర్రగా వెలుగుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, బర్నర్లు అంటుకుంటాయి, మంట ఉన్నట్టు ఫ్లేమ్ సెన్సర్ చెబుతుంది. ఆ తరువాత అర నిమిషమో, ఇంకాస్త ఎక్కువో గడిచాక గానీ వేడిగాలిని ఇల్లంతా తోసే పెద్ద బ్లోయర్ తిరగదు. ఒక కుర్చీ వేసుకుని ఫర్నేస్ ముందు కూర్చుని ఈ వరుసను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చెవులతో వినండి. ఏ శబ్దం తరువాత వాసన వచ్చిందో రాసిపెట్టుకోండి.

అంటుకునే క్షణంలో కొద్దిగా గ్యాసు వాసన, దానితోపాటు ధబ్బుమన్న చప్పుడు ఉంటే, బర్నర్లు ఆలస్యంగా అంటుకుంటున్నాయని, ఈలోగా పోగైన గ్యాసు ఒక్కసారిగా మండుతోందని అర్థం. దాన్ని ఆ వారమంతా అలా వదిలేయకూడదు, ఫర్నేస్ ఆపి మనిషిని పిలవాలి. బ్లోయర్ తిరగడం మొదలుపెట్టాక మాత్రమే వచ్చే వాసనలు వేరు, అవి గాలి దారికి చెందినవి. మీకు అక్టోబరులో వచ్చింది ఈ రకమే. వేసవి అంతా హీట్ ఎక్స్‌చేంజర్ మీద పేరుకున్న దుమ్ము మొదటి వేడికి కాలి పోయింది, దానితో ఆ కథ ముగిసింది. కొత్తగా పెట్టిన ఫర్నేస్ అయితే లోపలి లోహానికి పూసిన నూనె కాలి, మొదటి రోజు కాస్త పొగ కూడా కనిపించవచ్చు. ఇదే గాలి దారి మన ఇళ్లలో పోపు వాసనను, అగరువత్తి పొగను కూడా ఫిల్టర్‌లో దాచుకుని మరునాడు పడకగదుల్లోకి పంపుతుంది. బేస్‌మెంట్‌లో చీరల పెట్టెలో వేసిన కలరా ఉండల వాసన ఫర్నేస్‌కు తిరిగి వెళ్లే గాలిలో కలిసి ఇల్లంతా తిరిగితే ఫర్నేస్ పాడయిందనుకుని పిలిచినవాళ్లున్నారు. ఒక అంగుళం మందం ఫిల్టర్‌ను మూడు నెలలకు మించి ఉంచవద్దు. రోజూ తాళింపులు పెట్టే ఇంట్లో రెండు నెలలకు మార్చడం మేలు. ముక్కిన వాసన అయితే గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్‌లోని ప్యాడ్ తీసి చూడండి, చాలాసార్లు అక్కడే బూజు పట్టి ఉంటుంది.

గాలి దారిలో వచ్చేవాటిలో భయపడవలసింది విద్యుత్ వాసన. మోటారు వైండింగ్, కెపాసిటర్, వైర్ల మీది తొడుగు వేడెక్కితే కాలిన ప్లాస్టిక్ వాసనో, ఒక్కోసారి అచ్చం చేపల నీచు వాసనో వస్తుంది. చేప వండని ఇంట్లో నీచు వాసన వస్తే పక్కింటివాళ్లను అనుమానించకుండా ఫర్నేస్ పక్కన గోడకు లైటు స్విచ్‌లా ఉండే స్విచ్‌ను ఆపి, బ్రేకర్ కూడా దించండి. పొగ కనిపిస్తే బయటికి వెళ్లి 911కి చేయండి.

ఇప్పుడు మీ అసలు సమస్య, కళ్లు మండే ఘాటు వాసన. మీరు జతచేసిన ఫోటోలో ఫర్నేస్ నుంచి రెండు తెల్లని ప్లాస్టిక్ పైపులు గోడ గుండా బయటికి పోతున్నాయి. అంటే అది 90 శాతానికి పైగా సామర్థ్యం ఉన్న కండెన్సింగ్ రకం, దాని పొగ చిమ్నీలోకి పోదు. దాని పక్కనే పాత రకం వాటర్ హీటర్ ఒంటరిగా ఇటుక చిమ్నీకి తగిలించి ఉంది. ఒకప్పుడు పాత ఫర్నేస్, ఈ హీటర్ రెండూ కలిసి ఆ చిమ్నీని వేడిగా ఉంచేవి, పొగ ధారాళంగా పైకి పోయేది. ఫర్నేస్ మార్చినవాళ్లు హీటర్‌ను అలాగే వదిలేయడంతో ఇప్పుడు అంత పెద్ద చిమ్నీని వేడెక్కించడం దాని ఒక్కదాని వల్ల కావడం లేదు. చల్లని చిమ్నీలో పొగ పైకి లేవదు. దీనికి తోడు మీరు రాసిన వేళ చూడండి: సాయంత్రం, వంట జరుగుతుండగా. మీ పొయ్యి మీద హుడ్ నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి బయటికి తోస్తుందని మీరే రాశారు. అదే సమయంలో కింద బట్టలారబెట్టే డ్రయ్యర్ తిరుగుతుంటే ఇంట్లోంచి పోయే గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. కిటికీలు బిగించిన చలికాలపు ఇంట్లో దానికి దొరికే సులువైన దారి ఆ చిమ్నీయే. పొగ పైకి పోవడం మాని వెనక్కి తిరిగి బేస్‌మెంట్‌లోకి దిగుతుంది. ఇక్కడి నివాస భవనాల నమూనా నిబంధనల్లో 400 ఘనపుటడుగులు దాటిన హుడ్‌కు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని రాసింది ఇందుకే. మనవాళ్లు ఇల్లు కొనగానే మొదట మార్చేది హుడ్, చివరిదాకా ఎవరికీ గుర్తురానిది ఆ ఏర్పాటు.

ఆ ఘాటుకు కారణం, సరిగా కాలని గ్యాసులో పుట్టే ఆల్డిహైడ్లు. అవి కళ్లను, గొంతును మండిస్తాయి. వాటితోపాటు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన రెండూ లేవు, ప్రమాదం దానిదే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం వచ్చి, బయటికి వెళ్తే తగ్గి, ఇంటికి వస్తే మళ్లీ మొదలవుతుంటే దాన్ని ఫ్లూ అనుకోకండి. అందరినీ బయటికి తీసుకువెళ్లి 911కి చేయండి. ఈ దేశంలో మంటలతో సంబంధం లేని కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారు.

హీటర్ పొగ వెనక్కి దిగుతోందన్నది నిజమో కాదో తెలుసుకోవడానికి మీ పూజగదిలో ఉన్న వస్తువు చాలు. గ్యాసు లీకు లేదని కంపెనీ మనిషి నిర్ధారించి వెళ్లిన తరువాత మాత్రమే, పనిచేస్తున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం పక్కన పెట్టుకుని దీన్ని చేయండి. తలుపులు, కిటికీలు అన్నీ మూసి, వంటింటి హుడ్‌ను పూర్తి వేగంలో పెట్టి, డ్రయ్యర్, బాత్రూం ఫ్యాన్లు వేసి, వేడినీళ్ల కుళాయి తిప్పితే హీటర్ అంటుకుంటుంది. ట్యాంకు పైన పొగగొట్టం మొదలయ్యే చోట బోర్లించిన గరాటులాంటి రేకు ఉంటుంది, దాన్ని డ్రాఫ్ట్ హుడ్ అంటారు. అయిదు నిమిషాలు ఆగి, వెలిగించిన అగరువత్తిని ఆ రేకు అంచు దగ్గర పట్టుకోండి. అగరువత్తి పొగ వంగి లోపలికి పోతే చిమ్నీ లాగుతోంది. పొగ మీ ముఖం మీదికి వస్తే, రేకు అంచున చేతికి వేడి తేమగాలి తగిలితే, హీటర్ పొగ ఇంట్లోకి దిగుతున్నట్టే. అప్పుడు హుడ్, డ్రయ్యర్ ఆపి, కిటికీ తెరిచి, హీటర్‌కు వెళ్లే గ్యాసు పైపు మీది పిడిని పైపుకు అడ్డంగా తిప్పి మూసేసి, మనిషిని పిలవండి. నిప్పు ముట్టించకుండానే కనిపించే ఆనవాలు ఒకటుంది. హీటర్ నెత్తి మీద నీళ్ల పైపుల చుట్టూ ఎరుపు, నీలం ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. అవి కరిగి వంకరపోయి ఉంటే వేడి పొగ చాలాకాలంగా వెనక్కి దిగుతోందని చెప్పవచ్చు. పరిష్కారం మూడు విధాలు: చిమ్నీలోకి హీటరుకు తగిన సన్నని లైనర్ (లోపలి గొట్టం) దింపడం, గోడ గుండా పొగ పంపే రకం హీటర్ పెట్టుకోవడం, లేదా విద్యుత్ హీటర్‌కు మారడం. ఎన్నేళ్ల హీటరో తెలియదన్నారు కనుక లైనర్ మీద ఖర్చు పెట్టడం కంటే హీటర్‌నే మార్చమంటాను. ఏది చేసినా హుడ్‌కు బయటి గాలి ఏర్పాటు తప్పదు. అంతవరకు హుడ్ వేసినప్పుడల్లా వంటింటి కిటికీ నాలుగు వేళ్ల మందం తెరిచి ఉంచండి.

హీట్ ఎక్స్‌చేంజర్ పగిలిందన్న మాటను నేను కొట్టిపారేయను, అలాగని ఒట్టి మాట మీద నమ్మను కూడా. మా వృత్తిలో నిజంగా పగిలిన ఎక్స్‌చేంజర్లూ ఉన్నాయి, ఆ పేరు చెప్పి అమ్ముడుపోయిన ఫర్నేస్‌లూ ఉన్నాయి. పగులుంటే ఒక గుర్తు మీరే చూడవచ్చు. ఫర్నేస్ తలుపుకున్న చిన్న అద్దంలోంచి మంటను గమనించండి. బ్లోయర్ తిరగకముందు నిటారుగా, నీలంగా ఉన్న మంట, బ్లోయర్ అందుకున్న కొద్ది క్షణాల్లో ఊగిసలాడి పసుపు పచ్చగా మారితే పగులులోంచి గాలి దూరుతోందని అనుమానించాలి. ఏ మార్పూ లేకపోతే పగులు లేదని దానితో రుజువు కాదు, కానీ ఆ కంపెనీ మనిషిని అడగవలసిన ప్రశ్నలు దొరుకుతాయి. పగులు ఫోటో చూపించమనండి. పొగలోని వాయువులను కొలిచే కంబశ్చన్ అనలైజర్‌తో తీసిన అంకెలు కాగితం మీద ఇమ్మనండి. పొగలో కలిసిన అదనపు గాలి వల్ల వచ్చే పలచదనాన్ని లెక్కగట్టి తీసేశాక, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల భాగాల్లో 400 భాగాలు దాటితే ఫర్నేస్ ప్రమాణం తప్పినట్టు. మంచి స్థితిలో ఉన్న ఫర్నేస్‌లో ఆ అంకె చాలా తక్కువగా ఉంటుంది. ఈ రెండూ చూపించలేని మనిషికి వేల డాలర్ల చెక్కు రాయవద్దు, మరొకరి చేత చూపించుకోండి. రెండోసారి వచ్చేవారికి మొదటివారు ఏమన్నారో ముందుగా చెప్పకండి. అదే సమయంలో, పగులు ఉందని ఫోటోతో చూపిస్తే బేరమాడుతూ ఫర్నేస్ నడపవద్దు; ఆ రెండు మూడు రోజులూ విద్యుత్ హీటర్లతో గడపండి.

మరొక మాట, వేసవిలో బేస్‌మెంట్‌కు రంగు వేయించామన్నారు. మిగిలిన డబ్బాలు, థిన్నర్, బ్లీచ్ ఫర్నేస్ గదిలో పెట్టి ఉంటే ఇవాళే గ్యారేజీలోకి మార్చండి. ఫర్నేస్ తన మంటకు కావలసిన గాలిని పైపు ద్వారా బయటి నుంచి తెచ్చుకున్నా, ఆ పాత హీటర్ మాత్రం గదిలోని గాలినే పీల్చి మండుతుంది. క్లోరిన్ ఆవిరి మంటలో ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తుంది, ఘాటు వాసనకు అది కూడా తోడవుతుంది. మంచు పడ్డాక బయట ఆ రెండు తెల్లని పైపుల మూతులు పూడిపోకుండా పారతో తీయడం కూడా మీ పనుల్లో చేర్చుకోండి.

అలారం గురించి మీకు కొంత అపోహ ఉన్నట్టుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం గ్యాసు లీకును పట్టదు, పొగ అలారం ఈ రెండింటినీ పట్టదు. పైగా మామూలు కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రమాణం ప్రకారం పది లక్షల భాగాల్లో 70 భాగాలున్నా మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టవచ్చు, 30 లోపు అంకెను తెర మీద చూపించదు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో తక్కువ మోతాదునూ చూపించే మానిటర్ ఒకటి కొనడం దండగ ఖర్చు కాదు. పడకగదుల దగ్గర ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. అలారం వెనకనున్న తేదీ చూడండి, 5 నుంచి 10 ఏళ్లలో అది పనికిరాకుండా పోతుంది. సత్యనారాయణ వ్రతానికి హారతి పొగకు మోగుతుందని పొగ అలారం బ్యాటరీ తీసి, తిరిగి పెట్టడం మరిచిపోయిన ఇళ్లు నేను చాలా చూశాను, కనుక ఆ పని చేసి ఉంటే దాన్ని కూడా చూసుకోండి.

పగలంతా అమ్మగారు, నాన్నగారు ఇంట్లో ఒంటరిగా ఉంటారన్నారు. వాళ్లకు ఫర్నేస్ స్విచ్ ఎక్కడుందో చూపించండి. గ్యాసు వాసన వస్తే దాన్ని కూడా ముట్టుకోకుండా కోటు తగిలించుకుని బయటికి నడవమని చెప్పండి, ఎదురింటివారితో ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఇంటి చిరునామాను ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి వాళ్ల ఫోన్ కవర్‌లో పెట్టండి. 911కి చేసినప్పుడు ఇంగ్లీషు రాదని కంగారుపడి పెట్టేయవద్దని, "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి లైన్‌లో ఉండమని చెప్పండి. చాలా చోట్ల దుబాసీని కలుపుతారు. గ్యాస్ కంపెనీ మనిషి ఏం తేల్చాడో, అగరువత్తి పొగ ఎటు పోయిందో రాస్తే తరువాత చేయవలసినది చెబుతాను.